పేరు లేని తూర్పు ఆసియా చిత్తరువు ఎక్కడిది? ముఖం వదిలేసి మిగతావి చూడండి

జపాన్‌లో కొన్ని తరాల పిల్లలు చరిత్ర పాఠంలో ఒకే బొమ్మ చూస్తూ పెరిగారు. నల్ల గుర్రం, దాని మీద జుట్టు విరబోసుకున్న యోధుడు, భుజానికి ఆనించిన కత్తి, వీపున బాణాలు, అందులో విరిగినది కూడా. కింద రాసిన పేరు అషికగ తకఉజి, అంటే 14వ శతాబ్దంలో కొత్త షోగున్ (సైనిక పాలకుల) వంశాన్ని నిలబెట్టినవాడు. బాగానే ఉంది కానీ ఆ పేరు బొమ్మ మీద ఎక్కడా లేదు. 1800 ప్రాంతంలో మత్సుదైర సదనోబు అనే పెద్ద మంత్రి పాత వస్తువులన్నిటినీ బొమ్మలు వేయించి ఒక భారీ సంకలనం తెచ్చాడు, అందులో అలా ఉంది. అందరూ దాన్నే పట్టుకున్నారు.

తర్వాత పరిశోధకులు రెండు చిన్న విషయాలు లేవనెత్తారు. యోధుడి తల పైన, ఖాళీ జాగాలో, ఒక సంతకం గుర్తు ఉంది. అది తకఉజి కొడుకు యొషిఅకిరది. తండ్రి బొమ్మలో తండ్రి నెత్తి మీద కొడుకు సంతకం చేయడం ఆ కాలపు మర్యాదలో కుదరని పని. ఇంకోటి, కత్తికీ గుర్రపు సామానుకీ ఉన్న వంశచిహ్నం ఒకదానిలో ఒకటి చిక్కుకున్న ఉంగరాలు. అది అషికగ వాళ్ళది కాదు, వాళ్ళ కొలువులో ఉన్న కో వంశానిది. కాబట్టి ఇది కో నో మొరొనఒ అయినా కావచ్చు, అతని కొడుకైనా కావచ్చు అంటున్నారు. క్యోటో నేషనల్ మ్యూజియంలో ఉన్న ఈ బొమ్మను ఇప్పుడు ఊరికే ‘గుర్రం మీద యోధుడు’ అనే పిలుస్తున్నారు, పాఠ్యపుస్తకాలు కూడా మార్చుకున్నాయి.

దేశమంతా గుర్తుపట్టే బొమ్మకే ఈ గతి పడితే, వేలంపాటల్లోనూ అమెరికాలో పోయినవాళ్ళ ఇంటి సామాను అమ్మే ఎస్టేట్ సేల్స్‌లోనూ ‘చైనా, 18వ శతాబ్దం, చిత్రకారుడు తెలియదు’ అనే చీటీతో అమ్ముడుపోయే పటాల సంగతి చెప్పేదేముంది. ఆ చీటీలో మూడు మాటలున్నాయి, మూడూ విడివిడిగా తప్పు కావచ్చు.

అసలు చిక్కంతా ‘ఇది ఎక్కడిది’ అనే ప్రశ్నలోనే ఉంది. అది ఒక ప్రశ్న కాదు. బొమ్మలో మనిషి ఎక్కడివాడు? గీసిన చెయ్యి ఎక్కడిది? పట్టు, కాగితం, రంగులు ఎక్కడివి, ఎప్పటివి? పటం కట్టింది ఎక్కడ? దాని మీద పేరు రాసింది ఎవరు? ఈ ఐదింటికీ ఐదు వేరు వేరు జవాబులు రావచ్చు, చాలాసార్లు వస్తాయి కూడా. తైపే ప్యాలెస్ మ్యూజియంలో కుబ్లాయ్ ఖాన్, అతని భార్య చాబి బొమ్మలున్నాయి, సంతకం లేదు. 1994లో ఒక పరిశోధకుడు అవి అనిగె గీసినవని వాదించాడు. అనిగె ఎవరంటే, నేపాల్ నుంచి కుబ్లాయ్ కొలువుకి వెళ్ళిన కళాకారుడు. ఆ వాదం ఒప్పుకుంటే, మంగోలు చక్రవర్తిని నేపాలీ చిత్రకారుడు చైనా పట్టు మీద గీసినట్టు. దీన్ని ఏ దేశపు బొమ్మ అందాం?

ఇంకో దగ్గరి ఉదాహరణ. 19వ శతాబ్దం మొదటి సగంలో కాంటన్ రేవులో లామ్‌క్వా లాంటి చిత్రకారులు ఇంగ్లీషు పద్ధతిలో కాన్వాసు మీద నూనె రంగులతో బొమ్మలు గీసి అమ్మేవాళ్ళు. నల్లమందు, పత్తి వ్యాపారానికి అక్కడికి వెళ్ళిన బొంబాయి పార్సీ వర్తకులు కూడా వాళ్ళ దగ్గర కూర్చుని గీయించుకున్నారు. మనిషి మనవాడు, చెయ్యి చైనాది, పద్ధతి లండన్‌ది. అలాంటి బొమ్మ సంతకం లేకుండా ఏ పాత బంగళా గోడ మీదో దొరికితే మొదట తట్టే పేరు ఎవరో ఇంగ్లీషు చిత్రకారుడిదే.

సరే, చైనా పూర్వీకుల పటాల దగ్గరికి వద్దాం, ఎందుకంటే పేరు లేకుండా తిరుగుతున్న వాటిలో ఎక్కువ భాగం అవే. నిలువెత్తు మనిషి, సూటిగా మన వైపే చూస్తూ, కుర్చీలో కదలకుండా కూర్చుని, ముఖంలో నవ్వూ కోపమూ ఏదీ లేకుండా. మన ఇళ్ళలో దండ వేసి, పండక్కి ముందు పెట్టి దణ్ణం పెట్టుకునే తాతగారి ఫోటో ఎందుకోసమో, ఇవీ అందుకోసమే. కొత్త సంవత్సరానికి బయటికి తీసి, వేలాడదీసి, నైవేద్యం పెట్టి, మళ్ళీ చుట్టి దాచేవాళ్ళు. పూజలో పెట్టే పటం మీద గీసినవాడి సంతకం ఎందుకుంటుంది? గీసినవాళ్ళు ఊళ్ళో పనివాళ్ళు, పేరున్న చిత్రకారులు కారు. ముఖాల నమూనాల పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చి, పోయినాయన కళ్ళు ఇలా ఉండేవా, ముక్కు అలా ఉండేదా అని బంధువులను అడిగి గీసేవాళ్ళు. కొన్నిచోట్ల ఒళ్ళూ బట్టలూ ముందే సిద్ధం చేసి పెట్టుకుని, ముఖం మాత్రం అప్పటికప్పుడు నింపేవాళ్ళు. అందుకని ‘ఎవరు గీశారు’ అనేదానికి చాలా పటాల విషయంలో జవాబు ఎప్పటికీ రాదు. ఆ ప్రశ్నతో కాలం వృథా చేసుకోకుండా ఎక్కడ, ఎప్పుడు అనేవి తేల్చుకోవడం మేలు.

మొట్టమొదట ముఖం చూసి ‘వీడు కొరియావాడిలా ఉన్నాడు’ అనడం మానేయాలి. నా దృష్టిలో ఇంతకన్నా పనికిరాని ఆధారం లేదు, అయినా ప్రతివాళ్ళూ మొదలుపెట్టేది అక్కడే. మనిషి దేని మీద కూర్చున్నాడో చూడండి. జపాన్ దొర, యోధుడు చాప మీద కూర్చుంటాడు, రంగుల అంచు ఉన్న తతామి మీద, బట్టలు గంజి పెట్టినట్టు బిరుసుగా కోణాలు కోణాలుగా నిలబడి ఉంటాయి. చైనా అధికారి కుర్చీ మీద, కాళ్ళ కింద తివాచీ. కొరియా అధికారి కూడా కుర్చీ మీదే, కాళ్ళ కింద ఒక చిన్న పీట, దాని కింద తివాచీ లేదా పూల అల్లిక చాప. జపాన్‌లో కుర్చీ మీద కనిపించేది ముఖ్యంగా జెన్ సన్యాసులే. చెప్పులు ముందు పీట మీద విడిచి, కాళ్ళు మడిచి కుర్చీలో కూర్చుంటారు. ఆ పద్ధతి చైనా నుంచి బొమ్మలతోపాటే వచ్చింది. చైనా గురువు వూజున్ షిఫాన్ 1238లో తన చేతిరాతతో ఇచ్చిన బొమ్మను ‘ఎన్ని’ అనే శిష్యుడు తర్వాత జపాన్ తెచ్చుకున్నాడు, ఇప్పటికీ క్యోటో తోఫుకుజి మఠంలో ఉంది. తర్వాత వందల ఏళ్ళు జపాన్ మఠాల్లో అదే నమూనాలో గీశారు కాబట్టి సన్యాసి బొమ్మ వరకు వస్తే కుర్చీ మనకేమీ తేల్చి చెప్పదు.

ఇక బట్టలు. ఓపిక ఉన్నవాళ్ళకి సగం పని ఇక్కడే అయిపోతుంది.

చైనాలో మింగ్ వంశం ఏలిన కాలంలో, 1391లో, అధికారుల ఛాతీ మీద చదరంగా ఒక గుడ్డ ముక్క కుట్టాలని నియమం వచ్చింది. హోదా బిళ్ళ అనుకుందాం. పౌర అధికారికి పక్షి, సైనిక అధికారికి మృగం. మింగ్ తర్వాత మంచూ జాతికి చెందిన చింగ్ వంశం వాళ్ళు వచ్చాక కూడా ఇది కొనసాగింది. మొదటి హోదాకి కొంగ, మూడో హోదాకి నెమలి, ఎనిమిదికి కంజు పిట్ట, ఇలా. ఆ పక్షి ఏదో గుర్తుపట్టి హోదా చెప్పేయడం అందరికీ సరదా. కానీ నేనైతే పక్షిని తర్వాత చూస్తాను, ముందు ఆ బిళ్ళ మధ్యలో నిలువుగా కోత ఉందా లేదా అని చూస్తాను. మింగ్ అంగీ ముందు వైపు తెరుచుకోదు, పక్కన కట్టుకుంటారు, మెడ గుండ్రంగా ఉంటుంది, కాబట్టి బిళ్ళ ఒకే ముక్క. చింగ్ అధికారి పైన వేసుకునేది ముందు గుండీలతో తెరుచుకునే నల్లటి కోటు, కాబట్టి ముందు బిళ్ళ రెండు ముక్కలుగా ఉంటుంది, గీత పక్షి ఒంటి మీదుగానే పోతుంది. మెడలో పూసల దండ ఉంటే, 108 పూసలది, ఇక చింగే. తల మీద ఎర్ర కుచ్చు ఉన్న టోపీ, శిఖరాన రాయి, అదీ చింగే. ఆ రాయి రంగు కూడా హోదాని బట్టే, కెంపు రంగు నుంచి కిందికి బంగారు రంగు దాకా. 1645 ఉత్తర్వు తర్వాత మగవాళ్ళు నుదుటి మీద గొరిగించుకుని వెనక జడ వేసుకోక తప్పలేదు కాబట్టి టోపీ కింద జుట్టు లేని నుదురు కూడా ఒక గుర్తే.

ఇంత స్పష్టంగా ఉంటే గొడవ ఎందుకు అంటారా? గొడవ ఆడవాళ్ళ పటాల దగ్గర మొదలవుతుంది. చింగ్ ఏలుబడిలో బట్టలూ జుట్టూ మార్చుకోమన్నది మగవాళ్ళని. హాన్, అంటే మంచూలు కాని చైనా ఆడవాళ్ళు పెళ్ళికీ, చచ్చిపోయాక పటానికీ మింగ్ తరహా ఎర్ర అంగీ, మీద పొడుగాటి కండువా లాంటిదీ వేసుకోవడం మానలేదు. కాబట్టి ఒకే ఏడాది ఒకే ఇంట్లో గీయించిన జంట పటాల్లో భర్త చింగ్ బట్టల్లో, భార్య మింగ్ బట్టల్లో ఉంటారు. జంట విడిపోయి, భార్య పటం ఒక్కటే అంగట్లోకి వస్తే దాని మీద ‘మింగ్’ అని రాసి రెట్టింపు ధర పెట్టడం మామూలే. మంచూ ఆడవాళ్ళ సంగతి వేరు, చెవి చూస్తే చాలు. ఒక్కో చెవికి మూడేసి కమ్మలుంటే మంచూ పద్ధతి. హాన్ ఆవిడకి ఒక్కటే.

పక్షి మాటకొస్తే, హోదా బిళ్ళ నిజమే చెప్పాలని ఎక్కడా లేదు. 19వ శతాబ్దంలో పదవులు డబ్బుకి దొరికేవి. పైగా చనిపోయినాయనకి బతికుండగా రాని హోదా పటంలో ఇచ్చుకునే కుటుంబాలూ ఉండేవి. కాబట్టి కొంగ కనిపించగానే ‘మొదటి హోదా మంత్రి’ అనుకోనక్కర్లేదు, వాళ్ళ పిల్లలకి ఆ కోరిక ఉండేదని మాత్రం తెలుస్తుంది.

అసలైన తలనొప్పి కొరియా. జోసన్ రాజ్యం మింగ్‌ని పెద్దన్నగా ఒప్పుకుంది, మింగ్ కొలువు బట్టలు తెచ్చుకుంది, 1454లో హోదా బిళ్ళ కూడా పెట్టుకుంది. 1644లో మింగ్ పోయింది. చైనాలో ఆ బట్టలు పోయాయి. కొరియాలో పోలేదు, 19వ శతాబ్దం చివరి దాకా అధికారులు రెండు రెక్కల నల్ల టోపీ, గుండ్రటి మెడ అంగీలోనే పటాలకు కూర్చున్నారు. అంటే 1780లో గీసిన కొరియా పటం, బట్టల పుస్తకం పట్టుకుని చూస్తే, 1580 చైనా పటంలా కనిపిస్తుంది. బిళ్ళలో రెండు పక్షులుంటే మరీ మోసం, ఎందుకంటే మింగ్‌లోనూ రెండుండేవి, జోసన్ పెద్ద హోదా పౌర అధికారికీ రెండు కొంగలు. చింగ్ బిళ్ళలో సాధారణంగా ఒక్క పక్షి, సూర్యుడి వైపు చూస్తూ.

మరి విడదీసేది ఎలా? ముఖం తిప్పిన తీరు బాగా ఉపయోగపడుతుంది. చైనాలో మింగ్‌కి చాలా ముందు ఏలిన సోంగ్ రాజుల పటాల్లో ముఖం కొంచెం పక్కకి తిరిగి ఉండేది. మింగ్ మధ్యకాలం నుంచి చక్రవర్తి పటాల్లో సూటి చూపు స్థిరపడింది, పూర్వీకుల పటాలూ అదే దారి పట్టాయి. కొరియాలో పక్కకి తిరిగిన ముఖమే చాలాకాలం మామూలు, చేతులు రెండూ అంగీ చేతుల్లోకి ముడుచుకుని కనిపించకుండా ఉంటాయి. తర్వాత చర్మం. వెంట్రుక వాసి తేడా వచ్చినా అది వేరే మనిషే అన్నది జోసన్ చిత్రకారుల పట్టుదల. అందుకే అమ్మవారు పోసిన మచ్చలు, పుట్టుమచ్చలు, బొల్లి, వాచిన ముక్కు, ఏదీ వదల్లేదు. కొరియా చర్మవైద్యులు ఈ పటాలు చూసి రోగాలు గుర్తుపట్టారంటే ఎంత వివరంగా గీశారో అర్థం చేసుకోండి. 18వ శతాబ్దానికి వచ్చేసరికి ముఖంలో కండ దారిని బట్టి సన్నటి చిన్న గీతలు వందల కొద్దీ పెట్టి ఎత్తుపల్లాలు తేవడం కనిపిస్తుంది. చైనాలో మింగ్ చివరి కాలపు చిత్రకారుడు జెంగ్ జింగ్ దారిలో నడిచినవాళ్ళు పలచటి రంగు పూత మీద పూత వేసి అదే పని చేశారు. భూతద్దం కింద ఈ తేడా తెలుస్తుంది, ఫోన్ ఫోటోలో తెలియదు.

దీనికీ మినహాయింపులున్నాయి, చెప్పకపోతే అన్యాయం. బీజింగ్ వెళ్ళిన కొరియా రాయబారులు అక్కడి చైనా చిత్రకారుల చేత బొమ్మలు గీయించుకుని తెచ్చుకునేవాళ్ళు. మనిషి, బట్టలు కొరియావి, చెయ్యి చైనాది. జపాన్‌లో 1661లో ఉజిలో మన్‌పుకుజి మఠం పెట్టిన చైనా గురువు ఇన్‌గెన్ వెంట ఒక కొత్త బొమ్మల పద్ధతి వచ్చింది. సూటి ముఖం, నీడలు తేల్చి గీసిన బుగ్గలు, మెరిసే రంగులు, చూస్తే చైనా పూర్వీకుల పటమే. గీసింది కిత గెన్‌కి లాంటి జపాన్ చిత్రకారులు. ఇక ర్యూక్యూ, అంటే ఇప్పటి ఒకినావా రాజుల పటాలూ మింగ్ పద్ధతిలో సూటిగా కూర్చున్నవే. 1945 యుద్ధంలో అవి కనిపించకుండా పోయాయి, అంతకు ముందు పరిశోధకుడు కమకుర యొషితరొ తీసిన నలుపు తెలుపు ఫోటోలే చాలాకాలం మిగిలాయి, 2024లో మాత్రం అమెరికాలో దొరికిన కొన్ని ఒకినావాకి తిరిగి వచ్చాయి. ఆ ఫోటోలు లేకపోతే అలాంటి పటం ఒకటి ఎక్కడైనా బయటపడినా చైనా ఖాతాలో వేసేసేవాళ్ళం.

పటం మీద రాత ఉంటే అదృష్టమే అనుకుంటాం గానీ రాత కూడా బోల్తా కొట్టిస్తుంది. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ‘చోంగ్‌జెన్’. చివరి మింగ్ చక్రవర్తి శకం పేరు అది, 1628లో మొదలై 1644లో ఆయన ఉరేసుకోవడంతో ముగిసింది. పటం మూల ఆ రెండు లిపి చిహ్నాలు చదవగలిగిన వ్యాపారి ‘మింగ్ చివరి కాలం’ అని సంబరపడిపోతాడు. కానీ కొరియా పండితులకి చింగ్ శకం వాడటం ఇష్టం లేదు, మింగ్ పోయాక రెండు వందల ఏళ్ళు కూడా ‘చోంగ్‌జెన్ శకం మొదలైన తర్వాత మూడోసారి వచ్చిన ఫలానా సంవత్సరం’ అని లెక్క రాసుకునేవాళ్ళు. మన ప్రభవ, విభవల మాదిరే వాళ్ళకీ 60 ఏళ్ళ చక్రం. బింగ్‌చెన్ అనే సంవత్సరం 1628 తర్వాత మొదటిసారి 1676లో, రెండోసారి 1736లో, మూడోసారి 1796లో వచ్చింది. ‘చోంగ్‌జెన్ తర్వాత మూడో బింగ్‌చెన్’ అని ఉంటే అది 1796, కొరియా. ఆ ‘తర్వాత మూడో’ అనే ముక్క చదవకపోతే ఒకటిన్నర శతాబ్దం తేడా, దేశం తేడా.

శకం పేరు లేకుండా 60 ఏళ్ళ చక్రంలో పేరు ఒక్కటే ఉంటే, బట్టలు, రంగులు కలిపి చూసి ఏ చుట్టో తేల్చుకోవాల్సిందే.

బట్టల నుంచి పదార్థాల దగ్గరికి వెళ్ళే ముందు ఒక మాట. బట్టలు చెప్పేది బొమ్మలో మనిషి కాలం, బొమ్మ కాలం కాదు. పూజలో ఉన్న పటం పొగకి నల్లబడితే, చెదలు తింటే కొత్తది గీయించేవాళ్ళు. జోసన్ స్థాపించిన తేజో రాజు బతికింది 14వ శతాబ్దంలో, జొంజులో ఉన్న ఆయన నీలి అంగీ పటం గీసింది 1872లో. పాతదాన్ని చూసి, మడత మడతా దింపారు. ఇది రాజుగారిది కాబట్టి లెక్క ఉంది. ఊళ్ళో పెద్దాయన పటానికి అలాంటి రికార్డు ఎవరు పెడతారు?

అందుకే రంగులు. ప్రష్యన్ బ్లూ అనే నీలం బెర్లిన్‌లో 1700ల మొదట్లో పుట్టింది. జపాన్‌లో 1760లలో ఇతో జకుచు అనే చిత్రకారుడి బొమ్మలో కనిపించింది, చైనాలో అది బాగా వాడుకలోకి రావడానికి ఇంకా టైం పట్టింది. ఎమరాల్డ్ గ్రీన్ 1814 ముందు లేదు, టైటానియం తెలుపు 1916 ముందు మార్కెట్లో లేదు. మింగ్ పటం అని చెప్పి, అంగీ మీద టైటానియం తెలుపు తేలిందంటే మిగతా కబుర్లు అనవసరం. కాకపోతే ఒక్క చుక్క చూసి తీర్పు ఇవ్వకూడదు, తర్వాత ఎవరో మరమ్మతు చేసినప్పుడు పూసిన రంగు అయి ఉండొచ్చు. పగుళ్ళ కింద, పొరల అడుగున చూడాలి. తెలుపు ఇంకో రకంగానూ పనికొస్తుంది. జపాన్‌లో సుమారు 15, 16 శతాబ్దాల నుంచి ఆల్చిప్పల పొడి తెలుపు రాజ్యమేలింది, చైనా, కొరియా పటాల్లో ఎక్కువగా సీసపు తెలుపు. ఎక్స్‌రే పరికరంతో పటాన్ని ముట్టుకోకుండానే సీసమా, కాల్షియమా తెలిసిపోతుంది.

కాగితం అయితే సూక్ష్మదర్శిని కింద నార చూస్తారు. చైనా షువాన్ కాగితంలో ఆ దేశపు ఒక చెట్టు బెరడు, దాంతోపాటు వరిగడ్డి ఉంటాయి. కొరియా, జపాన్ కాగితాలు రెండూ ఎక్కువగా కాగితపు మల్బరీ బెరడుతో చేసినవే, కాబట్టి షువాన్ కాదని చెప్పడం తేలిక, ఆ రెండింటిని విడదీయడం కష్టం. పట్టుకి కార్బన్ డేటింగ్ చేయిద్దాం అని చాలామంది ఉత్సాహపడతారు. దురదృష్టం ఏంటంటే సుమారు 1650 నుంచి 1950 మధ్య కాలానికి ఆ పద్ధతి ఇచ్చే జవాబు ఇంచుమించు ఆ మూడు శతాబ్దాలంతా పరుచుకుని ఉంటుంది, మనకి కావాల్సిన పటాలన్నీ అక్కడే ఉన్నాయి. డబ్బు దండగ.

ఇప్పుడు కంటికి కనిపించేదే మొదట గీసినది అనీ అనుకోకూడదు. కొరియాలో యున్ దుసొ స్వీయచిత్రం ఉంది, 18వ శతాబ్దం మొదట్లోది. ఒళ్ళు లేకుండా, చెవులు కూడా లేకుండా గాలిలో తేలే ముఖం. దాని గురించి ఎంతో తత్వం రాశారు. 1937లో అచ్చయిన ఒక ఫోటోలో మాత్రం అంగీ గీతలు స్పష్టంగా ఉన్నాయి. తర్వాత మ్యూజియం వాళ్ళు పరికరాలతో చూస్తే చెవుల ఆనవాళ్ళు, కాగితం వెనక వైపు నుంచి వేసిన అంగీ రంగు బయటపడ్డాయి. తత్వం రాసినవాళ్ళు ఏమనుకున్నారో మరి.

పటం చుట్టూ కట్టిన పట్టు అంచులు, కింది కర్ర, వేలాడే రిబ్బన్లు చూసి దేశం చెప్పేవాళ్ళు ఉన్నారు. అవి చివరిసారి పటం కట్టించిన యజమాని ఎక్కడివాడో చెబుతాయి, అంతే. జపాన్ చేతికి వెళ్ళిన కొరియా పటాలు చాలా వాటికి జపాన్ పద్ధతిలో కొత్త అంచులు కట్టారు. దీనికి పెద్ద సాక్ష్యం గొర్యొ కాలపు, అంటే జోసన్‌కి ముందటి కొరియా రాజ్యపు బౌద్ధ చిత్రాలు. అవి వ్యక్తుల చిత్తరువులు కావు, అయినా చెప్పక తప్పదు. ప్రపంచంలో మిగిలినవి సుమారు 160, ఎక్కువ భాగం జపాన్ గుళ్ళలో. శతాబ్దాలపాటు వాటి మీద జాంగ్ సిగోంగ్ అనే చైనా చిత్రకారుడి పేరు వేసేశారు. పోలికలు కూర్చి, రాతలు చదివి, 1978లో జపాన్‌లో నార నగరపు యమతొ బుంకకన్ మ్యూజియంలో ఒక ప్రదర్శన పెట్టాక గానీ కొరియా చిత్రాలుగా వాటికి తగిన గుర్తింపు రాలేదు. ‘కొరియాలో ఇంత గొప్పవి ఉండవు’ అనే అభిప్రాయం ఆ పాత చీటీల వెనక లేదని నేను అనుకోను.

చీటీ మీద అనుమానం ఎంత దూరం పోవచ్చో చూడాలంటే క్యోటోలోని జింగోజి గుడి. దాదాపు మనిషంత పెద్దవి మూడు పటాలు, నల్ల కొలువు బట్టల్లో ముగ్గురు. జపాన్ జాతీయ నిధులు. 14వ శతాబ్దపు గుడి కథనం ప్రకారం ఒకరు మినమొతొ యొరితొమొ, ఒకరు తైర షిగెమొరి, మూడోవారు ఫుజివర మిత్సుయొషి, గీసింది ఫుజివర తకనొబు. 12వ శతాబ్దం చివరిదన్న మాట. 1995లో యొనెకుర మిచియొ అనే కళాచరిత్రకారుడు దీన్ని తలకిందులు చేశాడు. ఆయన చేతిలో ఆయుధం 1345 నాటి ఒక కాగితం, అందులో అషికగ తదయొషి తన బొమ్మా, అన్న తకఉజి బొమ్మా జింగోజికి సమర్పిస్తున్నట్టు రాశాడు. దానికి ముఖాలు గీసిన తీరు, పట్టు వెడల్పు లాంటివి కలిపి, యొరితొమొ అంటున్నది తదయొషి అనీ, షిగెమొరి అంటున్నది తకఉజి అనీ తేల్చాడు. ఒప్పుకున్నవాళ్ళు ఒప్పుకున్నారు, బట్టలు, కాలం లెక్కలు చూపించి ఒప్పుకోనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పాఠ్యపుస్తకాలు మధ్యేమార్గంగా ‘యొరితొమొ అని చెప్పేది’ అని రాస్తున్నాయి. యొనెకుర మాటే నిజమైతే గుర్రం బొమ్మ పోగొట్టుకున్న తకఉజికి ఇక్కడ ఇంకోటి దొరికినట్టు.

చైనాలోనూ ఇలాంటివి ఉన్నాయి. యూరప్ కవచం తొడుక్కున్న ఒక స్త్రీ బొమ్మని 1914లో బీజింగ్‌లో ప్రదర్శనకి పెట్టి, ఆవిడ చియెన్‌లాంగ్ చక్రవర్తి ‘పరిమళాల రాణి’ అని రాశారు. కథ జనానికి నచ్చింది, ఆ ముఖమే ఆవిడ ముఖమైపోయింది. బొమ్మలో ఆ పేరుకి ఆధారం ఏదీ లేదు. యూరప్‌లో రూబెన్స్ 1617 ప్రాంతంలో గీసిన ఆసియా మనిషి చిత్రం లాస్ ఏంజెలెస్ గెట్టీ మ్యూజియంలో ఉంది, టోపీ, అంగీ చూసి ‘కొరియా దుస్తుల్లో మనిషి’ అన్నారు, దాని మీద కొరియాలో నవలంత ఊహాగానం నడిచింది. 2016లో ఇద్దరు పరిశోధకులు అతను 1600లో నెదర్లాండ్స్ వచ్చిన యిప్పాంగ్ అనే చైనా వర్తకుడని వాదించారు. బట్టలు ఒక దేశానివి, మనిషి ఇంకో దేశంవాడు కావచ్చన్నది అక్కడా మళ్ళీ అదే చిక్కు.

అమ్మకానికి వచ్చే వాటి గురించి కొంచెం కఠినంగానే చెప్తాను. 1911 విప్లవం తర్వాత పడిపోయిన మంచూ కుటుంబాలు బీజింగ్‌లో పటాలు అమ్ముకున్నాయి, వ్యాపారులు ధర కోసం వాటి మీద రాజకుమారుల పేర్లు చేర్చారు. ఇటీవలి దశాబ్దాల్లో పర్యాటకుల కోసం కొత్తగా తయారైనవి అంతకన్నా చాలా ఎక్కువ. టీ డికాషన్‌లో ముంచిన గోధుమ రంగు అన్ని చోట్లా సమానంగా ఉంటుంది. పాత పటానికి చుట్టి దాచడం వల్ల అడ్డంగా మడత గీతలు పడతాయి, రంగు ముఖం దగ్గర ఒకలా, అంచున ఒకలా అరుగుతుంది. భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అచ్చు వేసిందే. మింగ్ గుండ్రటి మెడ అంగీ మీద చింగ్ పూసల దండ వేసి ఉంటే గీసినవాడికి బట్టల గురించి తెలియదన్న మాట. ‘చక్రవర్తి’ అని రాసి ఉన్నదాన్ని నమ్మకండి.

నిజంగా ఏదైనా చేతికి వస్తే మ్యూజియంకో నిపుణుడికో పంపడానికి ముఖం క్లోజప్ ఒక్కటే చాలదు. ఛాతీ బిళ్ళ దగ్గరగా, మధ్యలో కోత తెలిసేలా ఒకటి. చెవులు, టోపీ శిఖరం, కుర్చీ, కాళ్ళ కింద ఏముందో ఒక్కోటి. రాత ఉంటే చివరి అక్షరం దాకా, ఎర్ర ముద్రలతో సహా. వెనక వైపు, మాసికలు, చిరిగిన అంచులో పట్టు నేత కనిపించేలా, పక్కన స్కేలు పెట్టి. శుభ్రం చేయొద్దు, కొత్త ఫ్రేము కట్టించొద్దు, వెనక అంటించిన పాత కాగితం పీకొద్దు. జపాన్ నుంచి వచ్చినదైతే చెక్కపెట్టె మూత లోపల, బయట ఉన్న రాత కూడా ఫోటో తీయండి. ఆ రాత తప్పే కావచ్చు, కానీ ఆ తప్పు ఎవరు, ఎప్పుడు మొదలుపెట్టారో తెలిస్తే నిపుణుడికి వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గుతుంది.